మన ఊరి సమస్య మీద అసెంబ్లీలో, పార్లమెంటులో ప్రశ్న వేయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక జిల్లా కార్యాలయంలో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. అసెంబ్లీ సమావేశాలు మొదలయ్యాయంటే మా సెక్షన్‌లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ‘ఎల్‌ఏక్యూ వచ్చింది, రాత్రికల్లా జవాబు పంపాలి’ అని పైనుంచి ఫోను వచ్చేది. ఎల్‌ఏక్యూ అంటే ఎమ్మెల్యే సభలో వేసిన ప్రశ్న. మండలి నుంచి వస్తే ఎల్‌సీక్యూ. ఆ ఫైలు మీద ఎర్ర సిరాతో ‘మోస్ట్ అర్జెంట్’ అని రాసి ఉండేది. మంత్రిగారు సభలో చదివే నాలుగు ముక్కలు చాలాసార్లు నాలాంటి గుమాస్తా కలం నుంచే మొదలవుతాయి.

రిటైరయ్యాక బల్లకి ఇటువైపు వచ్చాను. ఊళ్లవాళ్లకి ప్రశ్నలు రాసిపెడుతున్నాను. వచ్చినవాళ్లందరివీ ఇంచుమించు అవే సందేహాలు కాబట్టి ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అడిగించాలని అనుకున్నప్పుడు

మా సమస్య ఎవరి చేత అడిగించాలి? ఎమ్మెల్యేనా, ఎంపీనా?

ఆ పని ఏ ప్రభుత్వం చేతిలో ఉందో ముందు చూడండి. పోలీసులు, జైళ్లు, ప్రభుత్వాసుపత్రులు, రేషన్, సాగునీరు, పంచాయతీ రోడ్లు, కరెంటు పంపిణీ రాష్ట్రానివి. వీటికి ఎమ్మెల్యే గానీ ఎమ్మెల్సీ గానీ కావాలి. రైళ్లు, తపాలా, జాతీయ రహదారులు, పీఎఫ్ పెన్షన్, పాస్‌పోర్టు, విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల సంగతి కేంద్రానివి. వీటికి ఎంపీ కావాలి.

మధ్యరకం పథకాలు కొన్ని ఉన్నాయి. డబ్బు కేంద్రానిది, పని రాష్ట్రానిది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ అలాంటిది. అక్కడ ఎంపీ చేత ‘రాష్ట్రానికి ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయినట్టు లెక్క వచ్చింది’ అని, ఎమ్మెల్యే చేత ‘మా మండలంలో ఎన్ని ఇళ్లకి నీళ్లు వచ్చాయి’ అని విడివిడిగా అడిగించాలి. రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తప్పు ప్రభుత్వాన్ని అడిగితే మాత్రం ‘ఇది రాష్ట్ర పరిధిలోని అంశం’ అని ఒక్క వాక్యంతో తిరిగొస్తుంది. దానికి పట్టిన నెల రోజులూ వృథా.

మా ఎమ్మెల్యే అధికార పార్టీ. సొంత ప్రభుత్వాన్ని ఎందుకు అడుగుతారు?

అడుగుతారు. సభలో వచ్చే ప్రశ్నల్లో అధికార పక్షం వాళ్లవి తక్కువేమీ కాదు. నియోజకవర్గానికి పనులు రాబట్టుకోవడానికి వాళ్లకీ అది దారే. కాకపోతే ప్రశ్న ఎవరినీ గుచ్చేట్టు ఉండకూడదు. ‘ఆసుపత్రి ఎందుకు నాశనమైంది’ అని రాసిస్తే పీఏ ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని మరిచిపోతాడు. ‘ఖాళీ పోస్టులు ఎన్ని, భర్తీ ఎప్పుడు’ అని రాసిస్తే ఆయనకీ ఇబ్బంది లేదు, మీకూ అంకెలు దొరుకుతాయి.

అప్పటికీ కదలకపోతే ఇంకొకరిని పట్టుకోండి. ఏ ఎమ్మెల్యే అయినా ఏ నియోజకవర్గం గురించైనా అడగవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది కాబట్టి టీచర్ల ఎమ్మెల్సీలూ, పట్టభద్రుల ఎమ్మెల్సీలూ ఉన్నారు. చాలామందికి వాళ్లు గుర్తే రారు.

మా ఎమ్మెల్యేనే మంత్రి. ఇక మాకు దిక్కెవరు?

మంత్రిగా ఉన్నవాళ్లు సభలో జవాబు చెప్పాల్సినవాళ్లు, ప్రశ్న వేసేవాళ్లు కారు. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేనో, మీ ప్రాంత ఎమ్మెల్సీనో అడగండి.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాం కదా, మళ్లీ ప్రశ్న దేనికి?

రెండూ వేర్వేరు పనులకి. మీ ఒక్కరి పింఛను ఆగితే, మీ పాస్‌బుక్కులో పేరు తప్పు పడితే అర్జీయే దారి. ఒక మనిషి వ్యవహారాన్ని సభలో ప్రశ్నగా తీసుకోరు. అదే సమస్య మండలంలో మూడొందల మందికి ఉంటే అది ప్రశ్న అవుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. అర్జీకి వచ్చే జవాబు మీద కింది అధికారి సంతకం ఉంటుంది. సభలో చెప్పిన జవాబు మంత్రి మాట. అది అచ్చయి సభ రికార్డులో మిగిలిపోతుంది. మా ఆఫీసులో అర్జీ ఫైలు నెల రోజులు పడుకునేది, ఎల్‌ఏక్యూ ఫైలు మాత్రం ఒక్క పూట కూడా ఆగేది కాదు. తేడా ఏమిటో మీకే తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లి అడగాలి?

సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు. లోక్‌సభలో ప్రశ్నకి కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అసెంబ్లీకీ ముందస్తు గడువు ఉంటుంది, ఆ తేదీ ఎమ్మెల్యే ఆఫీసుకి తెలుస్తుంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకి మించి ఖాళీ ఉండకూడదని రాజ్యాంగం చెబుతోంది. అయినా మన అసెంబ్లీలు ఏడాదిలో కూర్చునే రోజులు కొన్నే. ఎక్కువ రోజులు జరిగేవి బడ్జెట్ సమావేశాలు. కాబట్టి సంక్రాంతి పండగ అవగానే కాగితం సిద్ధం చేసుకోండి.

ప్రశ్న వేయించడానికి డబ్బేమైనా ఇవ్వాలా?

ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఎవరైనా అడిగితే అది నేరమే. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. వాళ్లలో 10 మంది లోక్‌సభవాళ్లు, ఒకరు రాజ్యసభ. ఆ బహిష్కరణ చెల్లుతుందని 2007లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మా సర్పంచి, జెడ్పీటీసీ కూడా ఇలా అడగవచ్చా?

మంత్రిని అడగలేరు. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో జెడ్పీటీసీ జిల్లా అధికారులను నిలబెట్టి అడగవచ్చు, గ్రామసభలో మీరే అడగవచ్చు. చేతిపంపు, వీధిలైటు లాంటివాటికి అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు.

## ప్రశ్న రాసేటప్పుడు

ఎలా రాయాలి? వినతిపత్రం ఇస్తే చాలదా?

చాలదు. నా అనుభవమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది, కాస్త వివరంగా చెప్తాను.

మా వైపు ఒక మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. డాక్టరు ఎప్పుడొస్తాడో తెలియదు. ఊరివాళ్లు ఎమ్మెల్యే చేత అడిగించారు: ‘ఫలానా ఆరోగ్య కేంద్రంలో తగినంతమంది వైద్యులు ఉన్నారా?’ జవాబు ‘అవునండి’ అని వచ్చింది. ఊళ్లో తిట్టుకున్నారు గానీ జవాబు రాసినవాడు అబద్ధమేమీ ఆడలేదు. ‘తగినంత’ అనే మాటకి కొలత లేదు. వదులుగా ఉన్న మాట కోసమే మేం ముందు వెతికేవాళ్లం. అది దొరికితే పని అయిపోయినట్టే, ఇంటికి పోయి అన్నం తినొచ్చు.

మరుసటి సమావేశాలకి నేను వాళ్లకి ఇలా రాసిచ్చాను:

‘వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి దయతో ఈ క్రింది విషయములు తెలియజేయుదురా:
అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు మంజూరైన వైద్యాధికారి పోస్టులు ఎన్ని;
ఆ) ఫలానా తేదీ నాటికి అందులో భర్తీ అయినవి ఎన్ని, ఖాళీలు ఎన్ని;
ఇ) భర్తీ అయిన పోస్టులలోని వైద్యులలో డిప్యుటేషన్‌పై వేరొకచోట పనిచేయుచున్నవారు ఎందరు, ఏ తేదీ నుండి;
ఈ) సదరు డిప్యుటేషన్ ఎప్పటితో ముగియును?’

జవాబొచ్చింది. రెండు పోస్టులు మంజూరు, రెండూ భర్తీ, ఖాళీలు లేవు. ఒకరు మాత్రం డిప్యుటేషన్ మీద జిల్లా కేంద్రంలో ఉన్నారు. కాగితం మీద ఇద్దరు డాక్టర్లు, ఊళ్లో ఒక్కరు. గుట్టంతా ‘ఇ’లో ఉంది. అది అడగకపోయుంటే రెండోసారీ ‘ఖాళీలు లేవండి’తోనే సరిపెట్టేవాళ్లు. జవాబు అచ్చయిన రెండు నెలలకి డిప్యుటేషన్ రద్దయింది. రాత్రి డ్యూటీ సంగతి ఇప్పటికీ తేలలేదనుకోండి, అది వేరే కథ.

అందుకే రాసేటప్పుడు ‘తగినంత’, ‘సరైన’, ‘త్వరలో’ అనే మాటలు కొట్టేయండి. ఎన్ని, ఎంత, ఏ తేదీ నాటికి, ఏ జీవో ప్రకారం అని అడగండి. ‘చర్యలు తీసుకుంటున్నారా’ అని అడిగితే ‘తీసుకుంటున్నామండి’ అని తప్ప వేరే జవాబు రాదు.

ఏమేం అడిగితే తిప్పి పంపేస్తారు?

లోక్‌సభ నిబంధనల్లో దీనికి పెద్ద చిట్టానే ఉంది, అసెంబ్లీలవీ ఇంచుమించు అలాగే ఉంటాయి. వాదనలు, నిందలు, వెటకారం ఉండకూడదు. ‘ఇలా జరిగితే ఏం చేస్తారు’ అని ఊహించి అడగకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం అడగకూడదు. ఎవరి వ్యక్తిగత నడవడినీ ఎత్తకూడదు, అధికార హోదాలో చేసిన పని గురించైతే అడగవచ్చు. లోక్‌సభలో ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదు. అంతకన్నా పొడుగు రాసినవాళ్లకి సాధారణంగా ఏం కావాలో వాళ్లకే తెలిసి ఉండదు.

స్టార్ ప్రశ్న మేలా, స్టార్ లేనిది మేలా?

నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే. లోక్‌సభలో రోజుకి 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేనివి ఉంటాయి. రాజ్యసభలో 15, 160. ఏది ముందు రావాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు.

పేపర్లో రావాలంటే, మంత్రిని ఇరుకున పెట్టాలంటే స్టార్. అంకెలు, పట్టికలు, మండలాలవారీ లెక్కలు కావాలంటే స్టార్ లేనిదే మేలు. అవకాశాలూ దానికే ఎక్కువ. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది స్టార్ కావాలంటారు. వాళ్లలో ఎనిమిదిమందికి అవసరమైంది రెండోది.

తెలుగులో రాసివ్వొచ్చా?

రెండు తెలుగు రాష్ట్రాల సభలకీ భేషుగ్గా ఇవ్వొచ్చు. పార్లమెంటుకైతే ఇంగ్లీషు గానీ హిందీ గానీ. మీరు తెలుగులో ఇచ్చినా ఎంపీ ఆఫీసు మార్చి పంపుతుంది. మార్చినదాన్ని ఒకసారి చూసుకోండి. ‘డిప్యుటేషన్’ ఎగిరిపోయి ‘వైద్యుల కొరత’ మాత్రం మిగలడం నేను చూశాను.

చాలా అర్జెంటు. పదిహేను రోజులు ఆగలేం.

స్వల్పవ్యవధి ప్రశ్న అని ఒకటుంది. ప్రజలకి సంబంధించిన అత్యవసర విషయమై ఉండాలి, జవాబు చెప్పడానికి మంత్రి ఒప్పుకోవాలి. ఆ రెండో షరతు దగ్గరే చాలావరకు ఆగిపోతాయి. వరదలు, కల్తీ సారా చావుల్లాంటివైతే జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర విషయాలు ఎత్తే సమయంలో, ప్రస్తావించమని ఎమ్మెల్యేని అడగడం తేలిక.

మా అబ్బాయి గల్ఫ్‌లో జీతం లేకుండా ఇరుక్కున్నాడు. ఎంపీ చేత ప్రశ్న వేయించమంటారా?

ముందు విదేశాంగ శాఖ వాళ్ల ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆ నంబరు పెట్టి, రాయబార కార్యాలయానికి లేఖ రాయమని ఎంపీని అడగండి. ప్రశ్నకి జవాబు వచ్చేసరికి నెల దాటుతుంది, అబ్బాయి అన్నాళ్లు ఆగలేడు. ‘ఫలానా దేశం నుంచి జీతాల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి’ అనే ప్రశ్న తరవాత వేయించండి. అది వెళ్లబోయే మిగతా పిల్లలకి పనికొస్తుంది.

## కోర్టులు, పోలీసులు, జైళ్ల గురించి

మా భూమి కేసు పదేళ్లుగా కోర్టులో ఉంది. సభలో అడిగించొచ్చా?

మీ కేసు గురించి వీల్లేదు. విచారణలో ఉన్న విషయాన్ని సభ ముట్టుకోదు. ఊరికే ‘కేసులెందుకు ఆలస్యమవుతున్నాయి’ అని అడిగినా న్యాయశాఖ నుంచి వచ్చే జవాబు అందరికీ కంఠతా వచ్చిందే: కేసుల పరిష్కారం న్యాయవ్యవస్థ పరిధిలోనిది. దేశంలో 5 కోట్లకి పైగా కేసులు పెండింగులో ఉన్నాయని చెప్పి ఊరుకుంటారు. ఆ అంకె ఎలాగూ జాతీయ జ్యుడిషియల్ డేటా గ్రిడ్‌లో ఎవరికైనా కనిపిస్తుంది.

అయితే ఆలస్యంలో ప్రభుత్వం వాటా కూడా ఉంది. దాన్ని పట్టుకోండి. మీ కోర్టుకి భవనం ఉందా, అద్దె షెడ్డులో నడుస్తోందా? పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులు ఎన్ని ఖాళీ? ఫోరెన్సిక్ ల్యాబులో ఎన్ని నమూనాలు ఎన్ని నెలలుగా పడి ఉన్నాయి? ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న కేసుల్లో ఎన్నింటికి ఇంకా కౌంటరు, అంటే ప్రభుత్వం తరఫు జవాబు, వేయలేదు? వీటికి ‘న్యాయవ్యవస్థ పరిధి’ అని తప్పించుకోలేరు. ఈ చివరిదానికి జవాబు రాసేటప్పుడు మా ఆఫీసులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

హైకోర్టు జడ్జి తీరు సరిగా లేదు. ఎమ్మెల్యే చేత అడిగించవచ్చా?

కుదరదు. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు విధి నిర్వహణలో ఎలా నడుచుకున్నారన్నది పార్లమెంటులో చర్చించకూడదని రాజ్యాంగం 121వ అధికరణం, శాసనసభల్లో కూడదని 211వ అధికరణం చెబుతున్నాయి. తీర్పు నచ్చకపోతే అప్పీలే దారి. జడ్జీల పోస్టుల సంఖ్య గురించి ఎంపీ అడగవచ్చు. తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 2021లో 24 నుంచి 42కి పెంచారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మంజూరైన సంఖ్య 37. మంజూరైన పోస్టులకీ, కూర్చున్న జడ్జీలకీ మధ్య తేడా ఎంత, సిఫార్సులు ఎవరి దగ్గర ఆగాయి అన్నవి న్యాయమైన ప్రశ్నలే.

ఫిర్యాదు ఇచ్చి నాలుగు నెలలైంది, పోలీసులు కదలడం లేదు. ప్రశ్న వేస్తే కదులుతారా?

ఒక్క ఎఫ్‌ఐఆర్ గురించి ప్రశ్న తీసుకోరు. మీ హక్కు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి పోలీసులు తెలియజేయాలి. అది అడుగుతూ ఎస్పీకి రాతపూర్వకంగా ఇవ్వండి.

సభలో వేయించాల్సిన ప్రశ్న ఇది: ‘ఫలానా జిల్లాలో ఫలానా ఏడాదిలో నమోదైన కేసుల్లో 90 రోజుల లోపల ఫిర్యాదుదారుకి సమాచారం ఇచ్చినవి ఎన్ని?’ లెక్క లేకపోతే లేదని మంత్రే ఒప్పుకోవాల్సి వస్తుంది.

మావాడు రిమాండులో ఉన్నాడు, బెయిలుకి డబ్బు లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

దీనికి ప్రశ్న కాదు, ముందు లాయరు కావాలి. 15100కి ఫోన్ చేయండి, అది న్యాయసేవా సంస్థల ఉచిత నంబరు. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మన జైళ్లలో ఉన్నవాళ్లలో నలుగురికి ముగ్గురు శిక్ష పడినవాళ్లు కారు, విచారణ ఖైదీలు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కాకపోతే, బాండు మీద వదలాలని కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షన్ చెబుతోంది. అతని మీద ఒకటికి మించి కేసులు ఉంటే మాత్రం ఇది వర్తించదు. జైళ్లు రాష్ట్రానివి కాబట్టి ‘479 కింద అర్హులు ఎందరు, ఎందరి తరఫున జైలు సూపరింటెండెంటు కోర్టుకి దరఖాస్తు పెట్టారు’ అని ఎమ్మెల్యే అడగవచ్చు. ఆ దరఖాస్తు పెట్టడం సూపరింటెండెంటు బాధ్యత. అడిగేవాళ్లు లేకే ఇవి సభ దాకా రావు. ఖైదీ బంధువులు ఎమ్మెల్యే ఇంటి మెట్లెక్కడానికి జంకుతారు.

## సభ జరిగే రోజు

మా ప్రశ్న వరసలో 14వది. పిలుపు వస్తుందా?

ఆశ పెట్టుకోకండి. ప్రశ్నోత్తరాలకి ఉండేది ఒక్క గంట, అందులో ఐదారు ప్రశ్నలు అయితే గొప్ప. 2019 నవంబరు 27న లోక్‌సభలో జాబితాలోని 20 స్టార్ ప్రశ్నలూ పూర్తయితే అది వార్తయింది. 1972 తరవాత అదే మొదటిసారి మరి. పిలుపు రాకపోయినా మీ జవాబు పోదు. రాతపూర్వకంగా సభ సమక్షంలో పెట్టినట్టే లెక్క. పోయేది అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఒక్కటే.

అనుబంధ ప్రశ్న అంటే ఏమిటి? మేం ముందే రాసివ్వొచ్చా?

మంత్రి జవాబు చెప్పాక దానిలోంచే పుట్టే ప్రశ్న. లోక్‌సభలో ప్రశ్న వేసిన సభ్యుడికి మామూలుగా రెండు వస్తాయి. తప్పకుండా రాసివ్వండి, అయితే రెండు రకాలుగా. ‘అవునండి’ వస్తే ఇది, ‘లేదండి’ వస్తే అది. సభలో ఆలోచించుకునే తీరిక ఉండదు. అవతల మంత్రిగారి వెనక గ్యాలరీలో కూర్చున్న అధికారులు చీటీల మీద చీటీలు అందిస్తూనే ఉంటారు. మీ ఎమ్మెల్యే చేతిలో కూడా ఒక చీటీ ఉండాలి కదా.

గొడవలతో సభ వాయిదా పడితే మా ప్రశ్న గతి ఏమిటి?

నోటి జవాబు పోతుంది, రాత జవాబు మిగులుతుంది. ప్లకార్డులు పట్టుకుని స్పీకరు ముందున్న వెల్‌లోకి వెళ్లేవాళ్లకి ఎంత పెద్ద కారణం ఉన్నా, ఆ గంటలో నష్టపోయేది వేరే ఊరి వేరే మనిషి. నా అభిప్రాయం అడిగితే, గొడవ పడదలచుకున్నవాళ్లు ఆ గంట అయ్యాక పడితే బాగుండును.

గొడవ లేకపోయినా గంట పోవచ్చు. 2009 నవంబరు 30న ప్రశ్నలు వేసిన సభ్యులే చాలామంది రాక లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు మధ్యలోనే ఆగిపోయాయి. అందుకే ముందురోజు మీ సభ్యుడికి ఒక ఫోన్ కొట్టి గుర్తు చేయండి. తప్పేం లేదు.

ప్రభుత్వం ప్రశ్నోత్తరాలే తీసేయవచ్చా?

గవర్నరు ప్రసంగం, బడ్జెట్ పెట్టే రోజుల్లో మామూలుగానే ఉండవు. కోవిడ్ కాలంలో 2020 సెప్టెంబరు సమావేశాలకి పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్ని పూర్తిగా తీసేశారు, రాత జవాబులు మాత్రం ఇచ్చారు. దాని మీద పెద్ద రభసే అయింది.

జీరో అవర్ కూడా ఇదేనా?

కాదు. జీరో అవర్‌లో సభ్యుడు విషయం ప్రస్తావిస్తాడు, మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పి తీరాలని లేదు. ‘నోట్ చేసుకున్నాం’ అనే మాట ఎక్కువగా వినబడేది అక్కడే.

## జవాబు వచ్చాక

‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాశారు. అంటే ఏమిటి?

ఈ ముక్క నేనూ లెక్కలేనన్నిసార్లు రాశాను. మీ ‘అ’కి ‘లేదండి’ అని జవాబొస్తే, దాని మీద ఆధారపడ్డ ‘ఆ’, ‘ఇ’లు పుట్టవని అర్థం. ‘నిధులు దుర్వినియోగమైన మాట వాస్తవమేనా? అయితే బాధ్యులెవరు?’ అని అడిగారనుకోండి. మొదటిదానికి ‘కాదండి’, రెండోదానికి ‘ఉత్పన్నం కాదు’. రెండు లైన్లతో ఫైలు మూత. అందుకే ‘అయితే’ అనే మాటతో ప్రశ్నలు గొలుసు కట్టకండి. ప్రతి ముక్కా తన కాళ్ల మీద తాను నిలబడాలి.

ఇంకొన్ని మాటలకి అసలు అర్థాలు చెప్తాను. ‘సమాచారం సేకరిస్తున్నాము’ అంటే లెక్క ఉంది గానీ చెప్పడం ఇష్టం లేదు, లేదా నిజంగానే లెక్క లేదు. ‘పరిశీలనలో ఉన్నది’ అంటే ఫైలు ఎవరి బల్ల మీదో ఉంది. ‘నిధుల లభ్యతను బట్టి చేపట్టబడును’ అంటే ఈ ఏడాది కాదు. ‘ప్రకటన సభ సమక్షంలో ఉంచడమైనది’ అని కనబడితే సంతోషించండి, వెనక పట్టిక ఉందన్నమాట. అది లేకుండా జవాబు కాపీ తీసుకోకండి.

మంత్రి చెప్పిన జవాబు పచ్చి అబద్ధం. ఏం చేయగలం?

ముందు రుజువు పోగుచేయండి. ఫొటో, తేదీ, హాజరు పట్టీ, ఏది దొరికితే అది. లోక్‌సభలో మంత్రి ప్రకటన తప్పయితే, స్పీకరు ఆదేశాల్లోని 115వ దాని కింద సభ్యుడు స్పీకరుకి రాసి సరిదిద్దించమని కోరవచ్చు. కావాలనే సభను తప్పుదోవ పట్టించారని చూపగలిగితే సభాహక్కుల ఉల్లంఘన నోటీసు ఇవ్వవచ్చు. అది రుజువు చేయడం కష్టం. దానికన్నా మరుసటి సమావేశాల్లో ‘ఫలానా తేదీన ఇచ్చిన జవాబులో భర్తీ అయినట్టు చూపిన పోస్టులో ఆనాటి నుంచి ఎవరు జీతం డ్రా చేశారు’ అని అడిగించండి. జీతం బిల్లు అబద్ధం చెప్పదు.

చేస్తామని సభలో హామీ ఇచ్చారు. రెండేళ్లయింది.

దానికంటూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. లోక్‌సభలో 1953 నుంచీ ఉంది, మన శాసనసభల్లోనూ ఉంది. మంత్రి ‘చేస్తాం’, ‘పరిశీలిస్తాం’ అన్న మాటల్ని పోగుచేసి నెరవేరాయో లేదో చూడటం దాని పని. కేంద్రంలో హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని కమిటీనే అడగాలి. జవాబు నంబరు, తేదీ రాసి కమిటీకి రాయమని మీ సభ్యుణ్ణి కోరండి. కమిటీ పిలిస్తే శాఖాధికారులు కట్టలు మోసుకుని వెళ్లి కూర్చోవాల్సిందే.

జవాబు కాపీ ఎక్కడ దొరుకుతుంది?

పార్లమెంటువన్నీ సంసద్ డాట్ ఇన్ వెబ్‌సైటులో ఉంటాయి. సభ్యుడి పేరుతో, శాఖ పేరుతో, మాటతో వెతకవచ్చు. అసెంబ్లీవి ఎమ్మెల్యే ఆఫీసు నుంచి తీసుకోవడం తేలిక.

ఇంత తంటా ఎందుకు, ఆర్‌టీఐ పెడితే పోలా?

కాగితాలే కావాలంటే పెట్టండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. మా పద్ధతి ఏమిటంటే, ముందు ఆర్‌టీఐతో అంకె పట్టుకుని, ఆ అంకె చుట్టూ ప్రశ్న అల్లుతాం. జవాబు ఏమిటో తెలిసి అడిగే ప్రశ్నకి పదునెక్కువ.

నిజం చెప్పండి, ఈ ప్రశ్నల వల్ల ఎప్పుడైనా ఏమైనా జరిగిందా?

పెద్దది చెప్పమంటే 1957 నాటిది చెప్తాను. ఎల్‌ఐసీ సొమ్ము 1.24 కోట్ల రూపాయలు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన వ్యవహారం లోక్‌సభలో ప్రశ్నగా వచ్చింది. ఫిరోజ్ గాంధీ, అధికార పార్టీ సభ్యుడై ఉండి, వదలకుండా పట్టుకున్నారు. ఛాగ్లా కమిషన్ విచారణ జరిపింది. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

చిన్నది చెప్పమంటే, నాకు ఇంకా ఇష్టమైనది, 1893 నాటిది. 1892 చట్టంతో మన దేశంలో కౌన్సిల్ సభ్యులకి ప్రశ్న అడిగే హక్కు వచ్చింది. మొదటి ప్రశ్న 1893 ఫిబ్రవరి 16న, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని భింగా రాజా అడిగారు. సామ్రాజ్యం గురించీ కాదు, సైన్యం గురించీ కాదు. దొరలు క్యాంపుకొస్తే వాళ్లకి సరుకులు సమకూర్చలేక ఊరి కిరాణా కొట్లవాళ్లు పడుతున్న ఇబ్బంది గురించి.

మీరు మా ఊరి ప్రశ్న రాసిపెడతారా?

రాస్తాను. వచ్చేటప్పుడు మూడు తెచ్చుకోండి: ఆ ఆఫీసు పూర్తి పేరు, మీరు స్వయంగా చూసిన తేదీలు, ఇదివరకు ఇచ్చిన అర్జీల రశీదులు. ‘అందరికీ తెలిసిందే సార్’ అనే మాట మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రండి.